నలభై రెండు వేల గొంతు

కెజియా భర్త ప్రకాష్ బాబుకు తన చెవుల మీద చెప్పలేనంత గౌరవం. మదనపల్లెలో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తాడు. ఆదివారం చర్చి కొయిర్‌లో బేస్, అంటే అన్నిటికంటే కింది గొంతు, పాడతాడు. పక్కవాడు అర స్వరం తప్పితే ఆరాధన మధ్యలోనే తల తిప్పి గుచ్చి గుచ్చి చూస్తాడు. ఇంట్లో కుక్కర్ కూత ఏ శ్రుతిలో ఉందో కూడా చెప్పేవాడు. పెళ్లయిన కొత్తలో కెజియాకు అది ముచ్చటగానే ఉండేది. ఇరవై రెండేళ్లు గడిచినా, అంత బాగా కూత వినబడే మనిషి లేచివెళ్లి స్టవ్ ఎందుకు కట్టేయడో మాత్రం ఆమెకు ఇప్పటికీ అంతుచిక్కలేదు.

ఆ చెవుల సంగతి కుప్పంలో ఉన్న కరుణాకర్‌కు బాగా తెలుసు. కరుణాకర్ కెజియా అక్క కాంతమ్మ భర్త. అక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంటు. పోయిన వేసవి సెలవుల్లో కెజియా దంపతులు రెండు రోజులుందామని వాళ్లింటికి వెళ్లారు. హాల్లో టీవీ పక్కన, నల్లగుడ్డ చుట్టిన చిన్న బిందెలా ఒకటి కూర్చుని ఉంది.

"ఇది మామూలు స్పీకర్ కాదు తమ్ముడా," అన్నాడు కరుణాకర్, దాని నెత్తి మీద చెయ్యి వేసి. "సౌండు ఒక పక్కనుంచి రాదు. నాలుగు గోడల్లోంచీ సమానంగా వస్తాది. కళ్లు మూసుకుంటే అది యాడుండాదో కనుక్కోలేవు. మాట్లాడితే జవాబు చెప్తాది. ఇంగ్లీషొచ్చు, తెలుగొచ్చు. 'జోరా' అని పిలిస్తే చాలు, పలుకుతాది."

పిలిచాడు. పలికింది. ఒక పాట పెట్టమన్నాడు. పెట్టింది. ప్రకాష్ బాబు కళ్లు మూసుకున్నాడు. కింది స్వరం నేలలోంచి లేచి కుర్చీ కాళ్ల గుండా ఆయన వెన్నులోకి ఎక్కింది. ఆయన ముఖం బాప్తిస్మం తీసుకున్న రోజు ఫోటోలో ఉన్నట్టు అయిపోయింది.

"నాకూ చెవులుండాయి, కళ్లద్దాలు తగిలించుకునేదానికి," అన్నాడు కరుణాకర్. "వినే చెవులు నీవి. ఇది నాకాడ ఉండేది దండగ. కొత్తది యాభై అయిదు వేలు. నేనెట్లాగూ ఇంకా పెద్ద మోడల్‌కు పోతాండా. నీకైతే నలభై రెండుకిస్తా. బయటోళ్లెవరన్నా అడిగుంటే ఇచ్చేవాణ్ణి కాదు."

కాంతమ్మ బజ్జీల పళ్లెం పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. లోకంలో ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండే అక్కకు దీని మీద మాత్రం ఏమీ లేకపోవడం కెజియాకు వింతగా తోచింది. ఆ మాట భర్తతో అనేలోపే ఆయన ఫోన్లో డబ్బు పంపేశాడు.

తిరుగు ప్రయాణంలో అట్టపెట్టె ప్రకాష్ బాబు ఒళ్లో కూర్చుంది. అక్క ఇచ్చిన మామిడికాయల సంచి కెజియా కాళ్ల కింద నలిగింది. పలమనేరు, పుంగనూరు దాటి మదనపల్లె బస్టాండులో దిగేదాకా ఆయన పెట్టె మీదినుంచి చెయ్యి తియ్యలేదు.

ఇంట్లో ప్రకాష్ బాబు తల్లి పుష్పమ్మ ఉంది. మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ఆ నల్ల బిందెను చుట్టూ తిరిగి చూసింది.

"ఎంతరా ఇది?"

"పన్నెండు వేలమ్మా."

"పన్నెండు వేలు పోసి మాట్లాడేదాన్ని తెచ్చినావు. ఇంట్లో మేం ఊరికే మాట్లాడతాం గదరా," అని ఆమె వెళ్లి పడుకుంది.

షోకేసులో పెళ్లిఫోటో ఉన్న చోటు ఖాళీ అయింది. జోరా అక్కడికెక్కింది. దానికి ఆడ గొంతు, మగ గొంతు రెండూ ఉన్నాయని కనిపెట్టి, ప్రకాష్ బాబు మగ గొంతు పెట్టాడు. అది తన గొంతు కంటే ఒక మెట్టు కిందికి పోతుందని మెచ్చుకున్నాడు కూడా.

మరునాటినుంచి చిక్కులు మొదలయ్యాయి.

"జోరా, ఇయ్యాల వానొస్తాదా?" అన్నాడు.

"క్షమించండి. మీరు అన్నది నాకు అర్థం కాలేదు."

"జోరా, మదనపల్లె మార్కెట్లో టమాటా ఎంతుండాది?"

జోరా టమాటా సాస్ తయారుచేసే విధానం చదివింది. ఆపమంటే ఆపలేదు. మధ్యలో అర చెంచా దాల్చినచెక్క పొడి వేయాలని కూడా చెప్పింది.

తప్పు దానిదంటే నలభై రెండు వేలు తప్పవుతాయి. అందుకని ప్రకాష్ బాబు తప్పు తన నాలుకదే అని తీర్మానించుకున్నాడు. వారం తిరిగేసరికి పొద్దున్నే స్నానం చేసి, షోకేసు ముందు చేతులు కట్టుకుని, రేడియోలో వార్తలు చదివేవాడిలా గొంతు సవరించుకునేవాడు.

"జోరా, దయచేసి నేటి వాతావరణ వివరాలను తెలియజేయగలవా?"

అప్పుడు పలికేది. "ధన్యవాదాలు," అని ఈయన తల వంచేవాడు.

వంటింట్లో దోసె తిరగేస్తూ కెజియా ఇదంతా వినేది. ఇరవై రెండేళ్లలో ఆయన నోట 'దయచేసి' అన్న మాట ఇంట్లో ఆమె వినలేదు. పొద్దున టీ కావాలంటే ఆయన ఆమెతో అనేది ఒకే ఒక్క అక్షరం: "టీ."

ఇంకో చిక్కు పుష్పమ్మ వల్ల వచ్చింది. ఆమెకు ప్రతిదీ 'జోరు'గానే జరుగుతుంది. కూర జోరుగా ఉడుకుతుంది, కోడలు జోరుగా నడుస్తుంది. ఒకరోజు కుళాయి దగ్గరినుంచి, "కెజియా, నీళ్లు జోరుగా వస్తాండాయి, బిందె తీసుకురా" అని కేకేసింది. షోకేసులో నీలం దీపం వెలిగింది.

"నేను మీకు ఎలా సహాయపడగలను?"

"బిందె పట్టుకునేదానికి చేతులుండాయా నీకు?" అంది పుష్పమ్మ.

"క్షమించండి. మీరు అన్నది నాకు అర్థం కాలేదు."

"మరి నోరెందుకు తెరిచినావు?"

దానిలో మంచి ఏమీ లేదనడానికి కూడా వీల్లేదు. ఒక శనివారం మధ్యాహ్నం భర్త డ్యూటీలో ఉన్నాడు, అత్త నిద్రపోతోంది. కెజియా చేటలో కందిపప్పు పోసుకుని హాల్లో కూర్చుని, పుస్తకాల తెలుగులో మెల్లగా అడిగింది, వీణ వినిపించమని. వినిపించింది. తీగ మీద వేలు జారేటప్పుడు వచ్చే సన్నటి గీరుడు వినబడింది. వాయించే మనిషి ఊపిరి పీల్చుకోవడం వినబడింది. ఆ మనిషి తన పక్కనే చాప మీద కూర్చుని ఉన్నట్టు, పప్పులో రాళ్లేరడం మరిచిపోయి ఇరవై నిమిషాలు అలాగే ఉండిపోయింది. ఇది నలభై రెండు వేలు చేస్తుందా అంటే ఆమెకు జవాబు తెలియలేదు. ఇంత డబ్బు పోసినవాడు ఒక్క రోజన్నా కూర్చుని ఒక పాట పూర్తిగా వినలేదన్నది మాత్రం అప్పుడే తట్టింది. ఆయనకు దానితో మాట్లాడే పనే సరిపోయింది.

ఆగస్టులో వాళ్లింట్లో గృహ ప్రార్థన కూటం పడింది. ముప్పై మంది వచ్చారు. పాటలకు సంగీతం జోరా ఇస్తుందని ప్రకాష్ బాబు ముందే చెప్పి, హార్మోనియం వాయించే జెఫ్రీని ఊరికే కూర్చోమన్నాడు. రెండు పాటలు బాగానే జరిగాయి. అందరూ షోకేసు వైపు చూసి తలలూపారు. తర్వాత సంఘ పెద్ద ఎల్లప్ప సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ఎల్లప్ప పాటల తర్వాత వచ్చాడు కాబట్టి జోరా సంగతి ఆయనకు తెలియదు.

"పోయిన వారం బైరెడ్డిపల్లెనుంచి మోటార్ సైకిల్ మీద వస్తాండా," అని మొదలుపెట్టాడు. "వంకలో నీళ్లు నడుముదాకా వచ్చినాయి. బండి ఆగిపోయింది. సుట్టూ ఒక్క నరమానవుడు లేడు. వాన జోరున పడతాంది. ప్రభువా, నువ్వు తప్ప నాకెవరూ లేరు, నన్ను కాపాడు అని కేకేసినా."

ఇక్కడ ఎల్లప్ప ఒక్క క్షణం ఆగాడు. ప్రతి సాక్ష్యంలోనూ ఇలాంటి చోట ఆగడం ఆయన అలవాటు. అందరూ హల్లెలూయా అనడానికి సిద్ధమయ్యారు.

"క్షమించండి," అంది ఒక గంభీరమైన మగ గొంతు, నాలుగు గోడల్లోంచీ సమానంగా. "ఈ విషయంలో నేను మీకు సహాయం చేయలేను."

ఎల్లప్ప మెల్లగా పైకప్పు వైపు చూశాడు. తర్వాత కూర్చున్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కెజియా కొంగు నోట్లో కుక్కుకుంది. "ప్రార్థన చేద్దాం," అన్నారు పాస్టరు గారు, గబగబా కళ్లు మూసుకుని.

కూటం ముగిశాక ఎల్లప్ప చెప్పులు వేసుకుంటూ, ఇంకా తేరుకోని ముఖంతో అడిగాడు. "ప్రకాషూ, ఆ గొంతు ఎవురిదప్పా?"

ప్రకాష్ బాబు కంగారులో, "నలభై రెండు వేలన్నా. మంచి కంపెనీది," అన్నాడు.

వెనకే కాఫీ గ్లాసులు ఏరుతున్న పుష్పమ్మ ఆగింది. "పన్నెండన్నావు గదరా?"

ప్రకాష్ బాబు ఎల్లప్పను సాగనంపే నెపంతో వీధి చివరిదాకా వెళ్లాడు.

మరునాడు కెజియా అక్కకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. కాంతమ్మ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.

"మా ఇంట్లో అది మూడు వారాలే ఉన్నింది కెజియా. మాది కుప్పం గదా, ఒక మాట తెలుగు, ఒక మాట అరవం, నడాన కన్నడం. దానికి పిచ్చెక్కిపోయి పొద్దస్తమానం క్షమించమనేది. మీ బావ నిద్రలో కూడా క్షమించండి అనేదానికి మొదలుపెట్టినాడు."

"మరి పెద్ద మోడల్ కొంటాండామన్నాడు గదక్కా బావ?"

"పెద్దదా? ఇంకా నయం! కంపెనీవాడు వాపసు తీసుకోనంటే, కొనేవాడు యాడ దొరుకుతాడా అని మీ బావ రాత్రీ పగలూ ఒకటే ఆలోచన. నువ్వేమీ అనుకోవద్దు. నేను చెప్దామనే అనుకున్నా. బజ్జీలు మాడిపోతాయని లోపలికి పోయినా."

ఫోన్ స్పీకర్లో ఉంది. ప్రకాష్ బాబు విన్నాడు.

"బావను అడగండి," అంది కెజియా.

"ఏమని అడగాల? నా చెవులు మోసపోయినాయని అడగాల్నా?"

అంతటితో కరుణాకర్ మీద కోపం పోయింది, ఆయన అమ్మిన తీరు మీద గౌరవం మిగిలింది. నాలుగో రోజు ప్రకాష్ బాబు ఉత్సాహంగా లేచాడు. కెజియా పుంగనూరులో ఒక బడిలో టీచరు, రోజూ బస్సులో పోయి వస్తుంది. అక్కడ ఆమెతో పనిచేసే షైలజ వాళ్లు కొత్తగా మేడ మీద హాలు కట్టించారు. షైలజ భర్త నాగేంద్రకు ఎరువుల అంగడి ఉంది. ప్రకాష్ బాబు ఏదో పని కల్పించుకుని ఆ అంగడికి వెళ్లాడు. యూరియా బస్తాల మధ్య నిలబడి, సౌండు నాలుగు గోడల్లోంచీ వస్తాదన్నాడు. వినే చెవులు నీవన్నాడు. తనెట్లాగూ పెద్ద మోడల్‌కు పోతాండానన్నాడు. కరుణాకర్ చెప్పిన పాఠంలో ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

ఇంటికొచ్చి కెజియాతో, "షైలజ నిన్నడుగుతాది. బాగుండాదని చెప్పు. అంతే," అన్నాడు.

"నేను చెప్పను."

"అబద్ధం చెప్పమనలేదు గదా? బాగలేదని చెప్పొద్దంటాండా."

షైలజ మరునాడే బడి వరండాలో పట్టుకుంది. "అక్కా, మీ స్పీకర్ అమ్ముతాండారంట. నిజం చెప్పండి, కొనొచ్చా?"

కెజియా నిజం చెప్పింది. పాటలు వినేదానికి చాలా బాగుంటుంది. మాట్లాడితే మన మాట దానికి తెలీదు. ఊరికే మధ్యలో దూరుతుంది. ఆ రేటుకు వద్దు, వద్దంటే వద్దు. ఎల్లప్ప సాక్ష్యం సంగతి కూడా చెప్పింది.

షైలజ అంతా విని, ఓరగా నవ్వింది. "మీకు ఇవ్వబుద్ధి కాలేదక్కా. నాకు తెలుసులే. సారేమో అమ్ముతానంటాడు, మీరేమో వొద్దు వొద్దంటారు. అంత మంచిది కాకపోతే యాల దాచుకుంటారు?"

ఆ సాయంత్రం కెజియా బస్సు దిగి ఇల్లు చేరేసరికి వాకిట్లో నాగేంద్ర కారు ఉంది. ముప్పై ఆరు వేలు లెక్కపెట్టి ఇచ్చి, బేరమాడకుండా, ఎక్కడ మనసు మార్చుకుంటారో అన్నట్టు పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

"సూసినావా?" అన్నాడు ప్రకాష్ బాబు. "నేను నూరు మాటలు చెప్పినా కాంది, నువ్వు వొద్దన్న ఒక్క మాటతో అయిపోయింది."

పుష్పమ్మ షోకేసులో పెళ్లిఫోటో తిరిగి పెట్టించింది. కెజియా మాత్రం రెండు రోజులు భర్తతో సరిగా మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

నెల తిరక్కుండానే షైలజ స్టాఫ్‌రూములో ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టింది. చివరికి ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "మీరన్నా చెప్పొచ్చు గదక్కా?"

"చెప్పినా గదా షైలజా. వరండాలో నిలబడి అంతా చెప్పినా."

"చెప్పినారు. అట్లా చెప్తే ఎవరన్నా నమ్ముతారా? ఇంట్లో మా ఆయన దాన్ని తిడతాండాడు, అది క్షమించమంటాంది. పొద్దున లేస్తే ఇదే గోల. ఇప్పుడు పెట్టెలో పెట్టేసినాం." కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించింది. "రామసముద్రంనుంచి గంగులయ్య అని మా అంగడికి వస్తాడు. ఈ తూరి టమాటాలో బాగా మిగిలింది ఆయనకు. రెండో శనివారం సూసేదానికొస్తాండాడు. మీరూ రండక్కా. వచ్చి, నాకు చెప్పినట్లే చెప్పండి చాలు."

"ఏమని?"

"వొద్దని."

కెజియాకు ఆ క్షణంలో షైలజ మీద కోపం రాలేదు. తన నిజాన్ని సబ్బుబిళ్లతో పాటు ఊరికే ఇచ్చే స్పూనులా వాడుకుంటున్నారనిపించింది. "వస్తా," అంది. "కానీ నాకు తోచిందే చెప్తా."

"అదే కావాల్సింది," అంది షైలజ సంబరంగా.

రెండో శనివారం పొద్దున పది గంటలకు గంగులయ్య వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. చెప్పులు మెట్ల కిందే విడిచి మేడ మీద హాల్లోకి వచ్చాడు. నాగేంద్ర నాలుగు గోడల పాఠం మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ముందు ఒక పాట పెట్టప్పా."

పెట్టారు. గంగులయ్య పాటంతా విన్నాడు. అయిపోయాక ఇంకొకటి పెట్టమన్నాడు. అదీ చివరిదాకా విన్నాడు. దాన్ని కొన్న ముగ్గురిలో ఒక్కరూ చేయని పని అది.

"బో బాగుండాది," అన్నాడు. "ఇంత బాగుండేదాన్ని యాల అమ్ముతాండారు?"

నాగేంద్ర షైలజ వైపు చూశాడు. షైలజ కెజియా వైపు చూసి కనుబొమలెత్తింది.

"మన మాట దానికి అర్థం కాదన్నా," అంది కెజియా. "ఏమడిగినా క్షమించమంటాది. మేము కొని అమ్మేసినాం. మాకంటే ముందు మా బావ కొని అమ్మేసినాడు. పాటలు బాగా పాడతాది. అంతకుమించి ఏమీ లేదు."

గంగులయ్య నవ్వాడు. కోపంగానో వెటకారంగానో కాదు, హాయిగా.

"ఓస్, అంతేనా? నేను దీన్ని ఆవులకు పెడదామని వచ్చినానమ్మా. షెడ్డులో ఇరవై ఆవులుండాయి. పాటలు పెడితే నెమ్మదిగా నిలబడి పాలిస్తాయని పశువుల డాక్టరు చెప్పినాడు. ఆవులు దీంతో మాట్లాడవు గదా, అర్థం కాకపోతే ఏం?" నాగేంద్ర వైపు తిరిగాడు. "పాటల పెట్టెకు ఎనిమిది వేలిస్తానప్పా. ఇప్పుడే ఇస్తా."

నాగేంద్ర ముఖం ఎర్రబడింది. "యాభై అయిదు వేల సరుకు ఇది. పేడలో పెట్టేదానికి కాదు."

"పేడలో పెట్టనప్పా, గూట్లో పెడతా."

"వొద్దు. ఇంట్లోనే ఉండనీ."

గంగులయ్య ఏమీ అనుకోలేదు. కాఫీ తాగి, కెజియాకు నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. నాగేంద్ర జోరాను పెట్టెలో పెట్టి, షైలజ పాత చీర చుట్టి, బీరువా మీదికి తోసేశాడు. షైలజ కెజియాతో, "మీరు అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది," అంది. కెజియా చీర సర్దుకుని బస్టాండుకు నడిచింది. కడుపులో నవ్వు, దాని కింద ఎక్కడో చిన్న సిగ్గు. ముప్పై ఆరు వేలలో పావు వంతన్నా తిరిగిద్దామని భర్తతో అనాలని బస్సంతా అనుకుంది.

ఇంట్లో ప్రకాష్ బాబు టీవీ చూస్తున్నాడు. కెజియా జరిగింది చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఎనిమిది వేలిస్తానంటే వొద్దన్నాడా?"

"అన్నాడు."

ప్రకాష్ బాబు నాలుక చప్పరించాడు. నిజంగానే జాలిపడ్డాడు.

"ఇచ్చేసుండాల్సింది. వాడుకున్న సామానుకు అదే ఎక్కువ. పాపం, నాగేంద్రకు యాపారం తెలీదు," అని, టీవీ మీదినుంచి కళ్లు తిప్పకుండా, "టీ," అన్నాడు.

కెజియా వంటింటి వైపు పోలేదు. చేతిసంచి కుర్చీలో పడేసి, చెప్పులు కూడా విడవకుండా, అత్త గదిలోకి వెళ్లి ఆమె మంచం మీద వాలిపోయింది. పుష్పమ్మ జరిగి చోటిచ్చింది.